సూర్యుడి కోసం మూడు కొండలు

సాయంత్రం పూట కొండెక్కి సూర్యాస్తమయం చూడండి, మనసు తేలికవుతుంది అని పత్రికల్లో రాస్తుంటారు. రాసేవాళ్లు కింద కూర్చునే రాస్తారని నా అనుమానం. నేను మాత్రం వెళ్లొచ్చి, మోకాళ్లకు ఆముదం పట్టించుకుని మరీ రాస్తున్నాను. మూడు రోజుల్లో మూడు కొండల మీదికి బయల్దేరాను. ఎన్ని ఎక్కానో, ఏం చూశానో ముందే చెప్పేస్తే మీరు చదవరు కాబట్టి వరసగా చెబుతాను.

అసలు తప్పు నాది

మాది చిలకలూరిపేట. పగలు బళ్లో పాఠాలు చెబుతాను, తీరిక దొరికితే నాటకాలు రాస్తాను. ఈ శివరాత్రికి మా నాటక సమాజం ఆడబోయే నాటకం నేను రాసిందే. చివరి రంగం మొదట్లో ‘కొండమీద సాయంకాలం, సూర్యాస్తమయం’ అని మూడు మాటలు రాసి పడేశాను. రాయడానికేముంది? ఆ మూడు మాటలూ పోయి మస్తాన్ మెడకు చుట్టుకున్నాయి.

మస్తాన్ మా నాటకాలకు తెరలు వేసే చిత్రకారుడు. నాతో కలిసి ఓనమాలు దిద్దినవాడు. వాళ్ల నాన్న కాలం నుంచీ పేటలో ఏ నాటకం ఆడినా అడవి, రాజసభ, పూలతోట అన్నీ ఆ ఇంటి చేతి పనే. ఈసారి కూడా తెర వేసి, మా సమాజం అధ్యక్షుల వారి మిరపకాయల గోడౌన్లో దూలానికి వేలాడదీశాడు. అధ్యక్షులు వెంకటప్పయ్య గారిది మిర్చి కమీషను వ్యాపారం. బస్తాలో చెయ్యి పెట్టి కాయ తీసి, తొడిమ విరిచి చూసినట్టే ఆయన లోకంలో దేన్నైనా చూస్తారు.

"ఇదేంటయ్యా మస్తానూ, ఈ పచ్చసొన?"

"సూర్యుడండీ."

"సూర్యుడిట్టా ఉంటాడా? నువ్వెప్పుడన్నా పొద్దుగూకటం చూశావా?"

మస్తాన్ నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించి, "లేదండీ" అన్నాడు.

ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. మాది మిరపకాయ దేశం. పొద్దు వాలే వేళకి ఊరూరా కళ్లాల్లో ఆరబోసిన కాయను కుప్ప చేసి, మంచు పడకుండా తాటాకు చాపలు కప్పుతారు. ఆ వేళకు మనిషన్నవాడి తల నేలకేసి ఉంటుంది. పేటలో ఉన్న మాకైతే ఆ వేళకి పత్తి మిల్లు గోడ అడ్డం. మూడు మాటలు రాసిన నేను కూడా చూసిన పాపాన పోలేదు, అయితే నన్నెవరూ అడగలేదు కాబట్టి ఊరుకున్నాను.

"శివరాత్రికి పది రోజులుంది" అన్నారు వెంకటప్పయ్య గారు. "వారంలో వేరే తెర చూపించు. నచ్చకపోతే బెజవాడ నుంచి అద్దె తెర తెప్పిస్తాం. కొండెక్కి చూసి రాపో. రాసిన పెద్దమనిషిని కూడా తీసుకుపో, ఊరికే కూర్చునున్నాడు."

తెర వెయ్యడానికి నాలుగు రోజులు పడుతుంది. చూడటానికి మిగిలినవి మూడు. ఒకసారి బెజవాడ తెర పేటలోకి వచ్చిందంటే ఇక మస్తాన్‌ని పిలిచేవాడుండడు. ఆ సంగతి గోడౌన్లో ఉన్న అందరికీ తెలుసు.

మా ఆవిడ మూటలో అటుకులు కడుతూ, "పొద్దుగూకటం చూట్టానికి మూడు రోజులా? పెరట్లోకి రండి, నేను చూపిస్తాను" అంది. వెళ్లి చూశాను. మిల్లు గోడ కనిపించింది.

శింగరకొండ: గరుత్మంతుడి ముక్కు

దూరంది ముందు ముగిద్దామని మొదటి రోజు అద్దంకి వెళ్లాం. అక్కడ హోటల్లో ఇడ్లీ తిన్నాం. మా పేటలో కారప్పొడి అడిగితే వేస్తారు, అద్దంకిలో వద్దని బతిమాలితే మానేస్తారు. కొత్త పైసలు వచ్చి ఏడాదైనా ఆ హోటలాయన ధర అణాల్లో చెప్పి డబ్బు పైసల్లో పుచ్చుకుంటున్నాడు. రెండణాల ఇడ్లీకి పదమూడు పైసలు తీసుకున్నాడు. పన్నెండున్నర కదయ్యా అంటే, "ఆ అర పైసా నన్ను కొట్టించి ఇవ్వమంటారా మాస్టారూ?" అన్నాడు. నేను మాస్టార్నని ఆ ప్రశ్నతోనే కనిపెట్టి ఉంటాడు.

శింగరకొండ మరీ పెద్దదేం కాదు. కింద ఆంజనేయస్వామి, పైన నరసింహస్వామి, పక్కన చెరువు. మెట్ల మీద నేను ఏడుసార్లు కూర్చున్నా ఇంకా గంటన్నర పొద్దుండగానే పైకి చేరాం. పడమటి దిక్కు చేత్తో తుడిచినట్టు శుభ్రంగా ఉంది. మస్తాన్ తన రేకు డబ్బా తెరిచి కాగితం, రంగులు సర్దుకున్నాడు. ఇంత సులువా అనుకున్నాను.

అప్పుడు వచ్చారు గుళ్లోంచి ముసలి ఆచార్యులు గారు. బక్కపలచటి మనిషి. డబ్బా వంకే చూస్తూ నిలబడ్డారు.

"ఏ ఊరు నాయనా?"

"పేటండీ."

"అవి రంగులేనా?"

"రంగులేనండీ."

"స్వామివారి గరుడ వాహనానికి ముక్కు మీద పెచ్చు లేచింది. తిరునాళ్లు దగ్గర పడ్డాయి. అద్దంకిలో రంగులు వేసేవాడు పొగాకు కాల్చే బేరన్ల దగ్గరకి పనికిపోయి ఇటు తొంగి చూట్టంలేదు."

మస్తాన్ లేచి నిలబడి, "నా పేరు మస్తానండీ. సాయిబులం" అన్నాడు.

"నేను పేరడగలేదు కదా నాయనా. ముక్కు సంగతి అడిగాను."

ఇద్దరు మనుషులు వాహనాన్ని మండపంలోకి మోసుకొచ్చారు. మస్తాన్ నా చెవిలో, "చిటికెలో అయిపోద్దిరా. నువ్వు పడమటి వైపే చూస్తా ఉండు. ఎర్రబడగానే కేకెయ్యి" అన్నాడు. సరేనన్నాను. ఆ పని నాకు చేతకాదని ఎవరైనా అనుకుంటారా?

మస్తాన్ చిటికె సంగతి నాకు తెలిసుండాల్సింది. ముక్కు మెరిసేసరికి రెక్కలు వెలిసినట్టు కనిపించాయి. రెక్కలు తేరేసరికి కళ్లు మసకగా తోచాయి. ఈలోగా ఆచార్యులు గారు నాకు విస్తరి నిండా దద్దోజనం పెట్టారు. మిరియాలు, అల్లం, పోపులో ఇంగువ. చెరువు మీంచి చల్లగాలి. స్తంభానికి వీపు ఆనించి పడమర వైపే చూస్తున్నాను. చూస్తూనే ఉన్నానని ఇప్పటికీ నా నమ్మకం.

ఎవరో భుజం పట్టి ఊపేస్తున్నారు.

"ఏడిరా?" అంటున్నాడు మస్తాన్.

"ఎవరు?"

"సూర్యుడు."

చుట్టూ చీకటి పడింది. మండపంలో దీపం వెలుగుతోంది. గరుత్మంతుడు మాత్రం ఇప్పుడే గుడ్డులోంచి వచ్చినట్టు తళతళలాడుతున్నాడు. ఆచార్యులు గారు మా ఇద్దరి మొహాలూ చూసి, "రేపు కూడా వస్తాడులే నాయనా" అన్నారు. ఆయన ఓదార్పుకి మస్తాన్ నవ్వాడు గానీ, సత్రం దాకా నన్ను వెనకే వదిలేసి విసవిసా నడిచాడు. దద్దోజనం తిన్నది నేను, పని చేసింది వాడు, సూర్యుణ్ణి పోగొట్టుకున్నది ఇద్దరం.

ఎల్లమంద దగ్గర కళ్లం

రెండో రోజు కోటప్పకొండ. ఆ కొండ మీద కాకి వాలదని చెబుతారు. మేమూ వాలలేదు. ఎందుకో చెబుతాను.

పేట మిల్లులో పత్తి దించి వెనక్కి పోతున్న ఎడ్లబండి మమ్మల్ని ఎల్లమంద పొలిమేరలో దించింది. కొండ ఎదురుగా ఉంది. పొద్దు రెండు బారలుంది. ఇద్దరం గట్టు వెంట చకచకా నడుస్తున్నాం. పక్కనే పెద్ద మిరప కళ్లం, జంపఖానా పరిచినట్టు ఎర్రగా. ఇంతలో తూర్పు నుంచి నల్లటి మబ్బు ఒకటి లేచింది.

"ఏవయ్యోయ్, ఎటు పోతన్నారు? మబ్బు కనపట్టంలా?"

కళ్లం మధ్యలో కొంగు బిగించి నిలబడ్డ పెద్దావిడ కేక అది. పేరు ఆదెమ్మ. ఆ కళ్లం, ఆ చేను ఆవిడవే.

ఊళ్లో పెరిగినవాళ్లకి తెలియకపోవచ్చు. కళ్లంలో కాయ ఉండగా మబ్బు పట్టిందంటే దారిన పోయే ఎవరైనా సరే చెయ్యి వెయ్యాలి. తాసిల్దారైనా బండి దిగాల్సిందే. తడిసిన కాయ రంగు పోతుంది, బూజు పడుతుంది, ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. మస్తాన్ ఒకసారి కొండవైపు చూశాడు, ఒకసారి మబ్బు వైపు చూశాడు. డబ్బా గట్టు మీద పెట్టి కళ్లంలోకి దిగాడు.

నేనూ దిగాను. గోనెపట్టా ఒక కొస నాకిచ్చారు. ఆదెమ్మ గారు నా పని తీరు చూసి, "నువ్వు తొయ్యబాకయ్యా, ఆ కుప్ప మీద పట్టా ఎగరకుండా కూర్చో. దానికి నువ్వు సరిపోతావ్" అంది. ఆడవాళ్లు నవ్వారు. కుప్ప మీద కూర్చున్నాను. ఆ ఘాటుకు తుమ్ములు మొదలై ముప్పై దాకా లెక్కపెట్టుకుని మానేశాను.

కాయంతా కుప్పకెక్కింది. చాపలు కప్పాం. మబ్బు మా నెత్తి మీదికి వచ్చి, కాసేపు ఆగి, చుక్క రాల్చకుండా నరసరావుపేట వైపు వెళ్లిపోయింది. ఇంకా పొద్దుంది. పరిగెడితే సగం కొండైనా ఎక్కొచ్చు. మస్తాన్ చెమట కారుతున్న మొహాన్ని చేత్తో తుడుచుకున్నాడు, కళ్లతో సహా.

తర్వాత వాడు వేసిన కేక కోటప్పకొండ మీది శివుడికి వినపడే ఉంటుంది.

"పేటలో పుట్టి మిరపకాయ చేత్తో కన్ను తుడుచుకున్నావా? నీకు మీసాలెందుకు మొలిచినయ్యయ్యా?" అంటూనే ఆదెమ్మ గారు పాలల్లో గుడ్డ తడిపి వాడి కళ్ల మీద వేసింది. మస్తాన్ వెల్లకిలా పడుకుని, "ఒరేయ్, కొండ మీద ఎట్టా ఉందో చూసి చెప్పరా" అన్నాడు. చూశాను. తుమ్ముల వల్ల నా కళ్లు కూడా ధారలు కడుతున్నాయి. ఎర్రగా ఏదో అలుక్కుపోయినట్టు కనిపించింది. అది ఆకాశమో, నా కళ్లో తెలియలేదు. అదే చెప్పాను. వాడు గుడ్డ మళ్లీ కళ్ల మీదికి లాక్కున్నాడు.

జొన్నన్నం, గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ పెట్టింది ఆదెమ్మ గారు. మా ఇంట్లో గోంగూరలో వెల్లుల్లి రెబ్బలు లెక్కపెట్టి వేస్తారు, ఇక్కడ గుప్పెళ్లతో వేశారు. నేను మూడోసారి వడ్డించుకుంటుండగా, "ఇంతకీ ఏం పని మీద వచ్చారు?" అని అడిగింది.

"పొద్దుగూకటం చూద్దామనమ్మా."

ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "రోజూ గూకుతది గదయ్యా."

"మీరు చూస్తారా?" అన్నాడు మస్తాన్, గుడ్డ కిందనుంచి.

"నాకేడ కుదురుద్ది? కాయ కుప్పెయ్యాల్సింది ఆ వేళకే గదా. కాపరానికి వచ్చి ముప్పై ఏళ్లు. ఒక్కనాడు తలెత్తి చూళ్లా." గోంగూర గిన్నె నా ముందుకు జరిపి, "మీరు చూస్తే ఎట్టా ఉందో వచ్చి చెప్పండి" అంది.

కొండవీడు: నా కాలు

మర్నాడు పొద్దున్నే బండి మీద తిరిగొస్తున్నాం. మస్తాన్ కళ్లు ఉబ్బి చింతనిప్పుల్లా ఉన్నాయి. పేట దగ్గర పడుతుండగా నెమ్మదిగా అన్నాడు.

"ఒక్క కొండే మిగిలిందిరా. ఇదీ పోతే నేను కిళ్లీ కొట్లకి బోర్డులు రాసుకోవాలి. మా నాన్న వేసిన గుడి తెర ముందర జనం లేచి దణ్ణం పెట్టేవోళ్లు. నాది చూసి పచ్చసొన అన్నారు. ఆయన అన్నందుకు కాదు నాకు బాధ. నిజమే అన్నాడు."

మూడు మాటలు రాసి నేను పడుకున్నాను, వీడు మాత్రం ఊళ్లు పట్టి తిరుగుతున్నాడు. ఈ రోజు ఎవరేం పెట్టినా తినను, ఎక్కడా కూర్చోను, కన్ను మూయను అని ఒట్టు పెట్టుకున్నాను. కొండవీటి దారిలో బోయపాలెం దగ్గర వేడి వేడి పెసరట్ల పెనం పక్కనుంచి తల తిప్పుకుని నడిచాను. నా జీవితంలో అంతటి త్యాగం అదొక్కటే.

కొండవీట్లో గేదెలు కాసుకునే పెద్దాయన ఒకడు దారి చెప్పాడు. "పొద్దుగూకేది కనపడాలంటే కోటలోనించి పడమటి బురుజు దాకా పోవాలండీ. ఈ తూర్పు గోడ కాడ ఏం కనపడదు. మీరు ఈ నడకన పోతే మాత్రం రేపటి పొద్దు చూస్తారు" అన్నాడు, నా వంక చూస్తూ.

రాజులు ఈ కోట కట్టింది శత్రువుల కోసమనుకున్నాను గానీ, బడిపంతుళ్ల కోసమని ఎక్కాక తెలిసింది. మెట్టుకీ మెట్టుకీ మధ్య మోకాలెత్తు. తూర్పు గోడ దాకా ఎలాగో చేరాం. ఇంకా అరగంట పొద్దుంది. "పదరా, పద" అంటూ మస్తాన్ ముందు పరిగెడుతున్నాడు. నేను కూడా పరిగెత్తబోయాను. చెప్పు ఉంగటం తెగింది, కాలు మడతపడింది, వెళ్లి సీతాఫలం పొదలో కూలబడ్డాను.

"నువ్వు పోరా" అన్నాను. "నా సంగతి వదిలెయ్. పరిగెత్తు, అందుతుంది."

వెళ్లాడు. పది అడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి తిరిగి వచ్చి, "కొండ మీద చిరుతలున్నయ్యంట. నిన్ను ఒక్కదానికని కాదు, పది చిరుతలకి పెట్టొచ్చు" అని తిడుతూ నా చంకల కింద చేతులేసి లాగాడు. పొదలోంచి నన్ను బయటికి తీసి, కాలు సర్ది, తలపాగా చింపి కట్టు కట్టేసరికి మా వెనక కొండ శిఖరం అంచున ఉన్న వెలుగు చటుక్కున పోయింది. సూర్యుడు అటు దిగిపోయాడు. మూడో రోజు కూడా పోయింది.

ఇద్దరం కూలిపోయిన గోడ మీద తూర్పుకి తిరిగి కూర్చున్నాం. నాకు ఏడుపు వచ్చింది. కాలు నొప్పి అని చెప్పాను. మస్తాన్ కిందికి చెయ్యి చూపించి, "అటు చూడు" అన్నాడు.

కింద నేలంతా ఇంకా ఎండలోనే ఉంది. సూర్యుడు మాకే పోయాడు, కింద ఉన్నవాళ్లకు పోలేదు. ఎంత దూరం చూసినా పత్తి చేలు, మధ్య మధ్య మిరప కళ్లాలు, అన్నీ పచ్చటి ఎండలో మండుతున్నాయి. మా కొండ నీడ పాదం దగ్గర మొదలై చేల మీద పాకుతోంది. ఒక కళ్లాన్ని అందుకుంది, ఆ ఎరుపు ఆరిపోయింది. ఆ పక్క కళ్లంలో చీమలంత మనుషులు నేలకు వంగి, నీడ వచ్చేలోగా కాయ కుప్పేస్తున్నారు. కుప్ప అయ్యీ అవకముందే అదీ ఆరిపోయింది. ఒకటి తర్వాత ఒకటి. ఎక్కడో గుంటూరు వైపు ఆఖరి కళ్లం ఒకటి చాలాసేపు ఎర్రగా నిలబడింది. ఎవరూ తలెత్తలేదు. అదీ పోయింది.

మస్తాన్ డబ్బా తెరవలేదు. కాగితం తియ్యలేదు. "పదరా, దిగుదాం" అన్నాడు, అంతే. నన్ను ఆ పెద్దాయన గేదె మీద దించారు. ఆ వివరాలు పాఠకులకు అనవసరం.

గోడౌన్లో

నాలుగు రోజులు మస్తాన్ తలుపేసుకున్నాడు. నాలుగో రోజు సాయంత్రం నేను కర్ర ఊతంతో గోడౌన్‌కి వెళ్లాను. వెంకటప్పయ్య గారు, సమాజం పెద్దలు నలుగురు బస్తాల మీద కూర్చున్నారు. బెజవాడకి రాయడానికి కార్డు కూడా సిద్ధంగా ఆయన జేబులోనే ఉంది. పైన రాసిన చిరునామా నాకు కనిపిస్తూనే ఉంది.

మస్తాన్ తాడు వదిలాడు. తెర జారి కిందికి దిగింది.

కింద సగం నీడ. ఆ నీడ అంచున వంగి కాయ కుప్పేస్తున్న మనుషులు. అవతల పసుపచ్చటి ఎండలో చేలు, కళ్లాలు, దూరంగా చివర ఒక్క ఎర్రటి మరక. ఆకాశం కొంచెమే ఉంది. అందులో ఏమీ లేదు.

వెంకటప్పయ్య గారు లేచి దగ్గరగా వెళ్లారు. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు వెతికారు.

"అంతా బానే ఉందయ్యా. సూర్యుడేడీ?"

నిజం చెప్పొద్దని వాడికి సైగ చేశాను. మస్తాన్ నా వంక చూడనైనా లేదు.

"కనపట్టంలేదండీ. మనం కొండకి ఇవతల కూర్చున్నాం. ఆయన మన వెనక దిగుతున్నాడు."

వెంకటప్పయ్య గారు వెనక్కి తిరిగి చూశారు. బస్తాల మీదున్న నలుగురు పెద్దలూ తిరిగి చూశారు. అక్కడ గోడౌన్ గోడ తప్ప ఏమీ లేదని తెలిసిన నేను కూడా తిరిగి చూశాను.